గుడ్డ ఆఖరిది

22 ఏళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. విజయనగరంలో మా ఇంటి ముందుగదే నా షాపు. ఎవరైనా పాత జాకెట్టు ఆల్టరేషనుకి తెస్తే, విప్పకుండానే చెప్పేస్తాను చంక దగ్గర లోపల ఎంత గుడ్డ వదిలారో, లైనింగు తడిపి ఆరేశాక కుట్టారో లేదో. ఆ ధైర్యంతోనే మా మావయ్య కుర్చీకి కొత్త గుడ్డ వేద్దామని కూర్చున్నాను. రెండున్నర మీటర్ల గుడ్డ, ఒక ఆదివారం సరిపోతాయనుకున్నాను. శ్రావణం చివర్లో మొదలుపెట్టిన పని కార్తీకంలో తెమిలింది.

కుర్చీ సంగతి ముందు చెప్పాలి. టేకు కర్ర, రెండు చేతులు, సీటుకీ వీపుకీ కుషను. సీటు 22 అంగుళాల వెడల్పు, 21 అంగుళాల లోతు. మావయ్య పాతపట్నం స్టేషన్లో టిక్కెట్లిచ్చే గుమస్తా. నౌపడా నుంచి గుణుపురం వెళ్ళే చిన్న రైలు లైను అది. పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను, 1900లో మొదలైంది. పాతపట్నం పొలిమేర దాటితే పర్లాకిమిడి. అక్కడ ఎవరో ఇల్లు ఖాళీ చేస్తుంటే మావయ్య ఈ కుర్చీని కొని ఎద్దుబండి మీద తెచ్చుకున్నారట. అప్పటికి మా ఆయన ఇంకా పుట్టలేదు. 2004లో చిన్న రైలు ఆపేశారు, పెద్ద లైను వేసి మళ్ళీ రైలు నడిపేసరికి 2011 అయింది. ఆ ఏడేళ్ళూ మావయ్య సాయంత్రం ఈ కుర్చీ వీధరుగు మీద వేయించుకుని పట్టాల వైపు చూస్తూ కూర్చునేవారని అత్తయ్య చెబుతుంది.

2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి ఆ ఇంటి పెంకులు లేచిపోయాయి. రాత్రంతా కుర్చీ వానలో నానింది. అప్పటికి మావయ్య పోయి రెండేళ్ళు. అత్తయ్యని మేం విజయనగరం తీసుకొచ్చేసినప్పుడు ఆవిడతో పాటు వచ్చినవి ఒక ఇనప్పెట్టె, రెండు ఇత్తడి బిందెలు, ఈ కుర్చీ. వచ్చిన దగ్గర్నుంచీ మా మేడ మెట్ల కింద ఉంది. సీటు ఒక పక్కకి ఒరిగిపోయి, కూర్చుంటే తొడకి ఏదో గుచ్చుకునేది. మా పెద్దాడు ఒకసారి పాతసామాన్ల వాడికి ఇచ్చేద్దామన్నాడు. అత్తయ్య వంటింట్లోంచే అరిచింది.

"పారీకండి. రంగేసుకుంటారో, గుడ్డ మారుస్తారో మీ ఇష్టం. పారీడం మాత్రం లేదు."

గంటస్తంభం నుంచి కోట వైపు వెళ్ళే దారిలో ఒక సందులో ఆటో సీట్లు కుట్టే బాబాయి ఉన్నాడు. నా మిషను బెల్టులూ సూదులూ కొనే షాపు పక్కనే ఆయన కొట్టు, అలా పరిచయం. కుర్చీని ఆటోలో వేసుకుని వెళ్ళాను, ఏ గుడ్డ తీసుకోమంటావని అడగడానికి. ఆయన గుడ్డ మాట ఎత్తలేదు. కుర్చీని తలకిందులు చేసి, అరచేత్తో సీటు అడుగున రెండు దెబ్బలు కొట్టాడు. ఎర్రటి దుమ్ము, దాని వెనక పసుపుపచ్చ పొడి నేల మీద పడ్డాయి.

"గుడ్డ ఆఖర్న తల్లీ. ముందు దీని కడుపులో ఏటుందో చూడు" అన్నాడు.

ఒక పాత స్క్రూడ్రైవరు కొన చీల్చినట్టు అరగదీసి ఉంచుకున్నాడు, మేకు తల కింద దూర్చి లేపడానికి. అది ఇచ్చాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. ఏది ఆఖరున కుట్టారో అది ముందు ఊడదీయాలి, ఊడదీసిన ఏ ముక్కా పారేయకూడదు. ఆ రెండో మాట నాకు చెప్పనక్కర్లేదు. పాత జాకెట్టు విప్పి దాన్నే కొలతగా పెట్టుకోవడం మా పనిలో రోజూ ఉండేదే. అడుగు గుడ్డ, వీపు వెనక గుడ్డ, చేతుల కింది ముక్కలు, వీపు, సీటు, ఆ వరసలో విప్పుతూ సుద్దముక్కతో అంకె వేసి, పైకీ కిందకీ గుర్తు పెట్టుకున్నాను.

మూడు గుడ్డలున్నాయి ఒకదాని కింద ఒకటి. పైన మెరూన్ రెక్సిను. దాని కింద ఆకుపచ్చ ముఖమలు, మోకాళ్ళు తగిలే చోట బట్టతలలా నున్నగా అయిపోయింది. అన్నిటికంటే అడుగున, నీలం చారల మందపాటి నూలుగుడ్డ. మేకుల కింద వెలుగు పడని చోట ఆ నీలం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. గోరంత ముక్క కత్తిరించి నా కొలతల పుస్తకంలో పెట్టుకున్నాను. మేకులు లెక్కపెడితే 400 దాటాయి.

రెక్సిను వేసినవాళ్ళెవరో నాకు తెలియదు, తెలిసినా ఇక్కడ పేరు రాయను. కాని వాళ్ళు చేసిన పని చూస్తే కడుపు మండింది. కింద పట్టీలు తెగి స్ప్రింగులు వేలాడుతున్నాయి. అవి ముట్టుకోలేదు. మీద ఒక అంగుళం ఫోమ్ పరిచి, రెక్సిను బిగించి, డబ్బులు పుచ్చుకుని వెళ్ళిపోయారు. ఆ ఫోమే పొడిపొడి అయ్యి బాబాయి కొట్టులో నేల మీద రాలింది. మావయ్య ఆఖరి రోజుల్లో ఈ కుర్చీలో కూర్చుంటే నడుం నొప్పి అనేవారు. వయసు వల్ల అనుకున్నాం అందరం.

సీటుకీ వీపుకీ మధ్య సందులో చెయ్యి పెడితే దొరికినవి: రెండు పావలాలు, ఒక చెవిపుల్ల, అట్టముక్క టిక్కెట్టు ఒకటి. పాతకాలం రైలు టిక్కెట్టు, బొటనవేలంత, మందంగా ఉండేది చూడండి, అది. అక్షరాలు నానిపోయి నౌపడా అన్న మాట ఒక్కటే చదవడానికి వచ్చింది. అత్తయ్య దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు తిప్పితిప్పి చూసింది. ఇప్పుడది దేవుడి గూట్లో పసుపు డబ్బా పక్కన ఉంది.

గుడ్డ లేకుండా నిలబెడితే కుర్చీ ఎంత బక్కగా ఉంటుందో. కుడి వెనక కాలు కదులుతోంది. మా వీధి వడ్రంగి మేస్త్రి చూసి, అతుకు విప్పి అంటించాలన్నాడు. పాతరోజుల్లో పశువుల తోలూ ఎముకలూ మరిగించి తీసిన జిగురు వాడేవారట, దాన్నే వజ్రం అంటారు, అదే ఉంది లోపల. పాత జిగురు మీద కొత్త జిగురు పట్టదు. వేడినీళ్ళలో ముంచిన గుడ్డ చుట్టి ఓపిగ్గా ఉంచితే అది మెత్తబడి, బెల్లం పాకంలా సాగింది. గోకి, ఆరబెట్టి, ఫెవికాల్ రాశాం. బిగించడానికి పెద్ద సాధనాలేం లేవు. నులకతాడు రెండు చుట్లు చుట్టి, మధ్యలో రూళ్ళకర్ర దూర్చి మెలిపెట్టాం. ఒక పూటా ఒక రాత్రీ అలాగే ఉంచాం.

ఆ అతుకు విప్పినప్పుడే కనబడింది. కాలు మీద ఒక గుర్తు, అడ్డకర్ర మీద అదే గుర్తు, ఉలితో చెక్కినవి. మేస్త్రికి అర్థం కాలేదు. అత్తయ్యని పిలిచాను. పాతపట్నం వాళ్ళకి ఒడియా కొత్తకాదు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్ళిపోయింది కాని బజారు, పెళ్ళి సంబంధాలు ఎటూ వెళ్ళలేదు. ఆవిడ వేలితో తడిమి, "మూడు" అంది. మిగతా కాళ్ళు చూస్తే ఒకటి, రెండు, నాలుగు. ఏ కాలు ఏ కర్రలో దిగాలో, కుర్చీ చేసిన వడ్రంగి పెట్టుకున్న లెక్క. మేం జాకెట్టు చేతులకి కుడి ఎడమ అని సుద్దతో పెట్టుకోమూ, అలాగే. ఆ మనిషెవరో, ఎప్పటివాడో. ఆయన చెయ్యి ఆ రోజు నాకు బాగా దగ్గరగా అనిపించింది.

తర్వాత పట్టీలు. రెండంగుళాల జూటు పట్టీ, చట్రం అడుగున అటు నాలుగు, ఇటు నాలుగు, నవారు మంచం నేసినట్టు ఒకటి పైకి ఒకటి కిందకి. కొసని మడిచి కొట్టాలి, మేకులు ఒకే గీత మీద పడకూడదు, పడితే కర్ర చీలుతుంది. ముందు మూడు, మడత మీద రెండు, ఎడం ఎడంగా. రెండో కొస లాగి బిగించడానికి బాబాయి దగ్గర అరచెయ్యంత చెక్క ఉంది, గాడి తీసి. పట్టీని ఆ గాడిలో దూర్చి, చెక్కని చట్రానికి ఆనించి కిందకి ఒత్తితే పట్టీ బిగుస్తుంది. వేలితో మీటితే తప్పెట మీద దరువేసినట్టు మోగాలి. బాబాయి మేకులు నోట్లో పోసుకుని, నాలికతో ఒక్కొక్కటే పెదాల మీదకి తెచ్చి, అయస్కాంతం సుత్తికి అంటించి కొడతాడు. ఎడం చెయ్యి పట్టీ మీంచి కదలదు. నేను అలాగే చేయబోతే గసిరాడు. "నీకొద్దు. మాకు చిన్నప్పట్నించీ అలవాటు" అని గిన్నెలో పోసి ఇచ్చాడు.

స్ప్రింగులు తొమ్మిది. డమరుకంలా నడుం సన్నం, రెండు చివర్లూ వెడల్పు. ఒక్కొక్కదాన్నీ రెండు అరచేతుల మధ్య పెట్టి నొక్కి చూశాం. నిటారుగా నొక్కుకుని నిటారుగా లేస్తే మంచిది, పక్కకి జారితే దాని పని అయిపోయినట్టే. వానలో నానినవి మూడు పోయాయి. వాటి బదులు విశాఖపట్నం నుంచి తెప్పించాం. మిగతా ఆరూ కిరసనాయిల్లో నానేసి, తుప్పు గోకి, రెడ్ ఆక్సైడు పూసి ఆరబెట్టాను. వంకర సూదితో ఒక్కొక్కదాన్ని పట్టీకి నాలుగు చోట్ల కుట్టేశాను. ఆ కుట్టు నాకు రెండు నిమిషాల పని.

ఆ పైన పురికొస కట్టడం ఉంది చూశారూ, ఈ కుర్చీ మొత్తంలో నాకు మనసు పట్టుకున్న పని అది. మా పుట్టిల్లు చీపురుపల్లి దగ్గర. మా నాన్న ఏటా ఎకరం గోగు వేసేవాడు. శ్రీకాకుళం, విజయనగరం మెట్టల్లో గోగు పంట తెలియని రైతు ఇల్లు ఉండేది కాదు అప్పట్లో. పూత మీద కోసి, కట్టలు కట్టి, చెరువులో ఊరవేసి, మీద మట్టిపెళ్ళలు పెట్టి తొక్కేవారు. రెండు మూడు వారాలకి ఊరంతా ఆ కుళ్ళు వాసన. నడుంలోతు నీళ్ళలో నిలబడి నాన్న ఒక్కొక్క కర్ర మొదలు పట్టుకుని నార ఒలుస్తుంటే తెల్లటి పుల్ల ఒక చేతిలో, బంగారం రంగు నార ఇంకో చేతిలో మిగిలేవి. సాయంత్రం ఆయన చేతులు అన్నం కలుపుతున్నా ఆ వాసన వచ్చేది. నెల్లిమర్ల జూట్ మిల్లుకి గోగు బళ్ళు వెళ్తుంటే వెనకాల పరుగెత్తేవాళ్ళం.

ఈ కుర్చీకి కట్టిన పురికొస అన్నయ్య ఇంటి అటక మీద నుంచి తెచ్చింది. నాన్న తొడ మీద వేసి పేనిన ఉండ. బజారులో 60 రూపాయలకి దొరుకుతుంది, ఇది ఎందుకని మా ఆయన అడిగారు. నేను జవాబు చెప్పలేదు, కడుతూ కూర్చున్నాను.

ఒక్కొక్క స్ప్రింగుకి ఎనిమిది ముడులు. ముందు నుంచి వెనక్కి ఒక తాడు, పక్క నుంచి పక్కకి ఒకటి, మూలకి మూల రెండు. ప్రతి తాడూ స్ప్రింగు పై చుట్టు మీద రెండు చోట్ల ముడిపడుతుంది. తొమ్మిదికీ కలిపి 72 ముడులు. కట్టేటప్పుడు ఎడంచేత్తో స్ప్రింగుని రెండంగుళాలు కిందకి నొక్కి పట్టాలి, కుడిచేత్తో ముడి వేయాలి, వేసిన ముడి జారకూడదు. మొదటిసారి కట్టి కూర్చుని చూస్తే కుడిపక్క లోతుగా ఉంది. నా కుడిచెయ్యి బలం ఎక్కువ, ఆ పక్క తాడు ఎక్కువ లాగేశాను. జాకెట్టు చేతులు ఒకటి పొడుగు ఒకటి పొట్టి వచ్చినట్టే. 72 ముడులూ విప్పాను. రెండోసారి టేపుతో చట్రం మీంచి ప్రతి స్ప్రింగు ఎత్తూ కొలుస్తూ కట్టాను, మధ్యది అరంగుళం ఎత్తు, అంచులవి సమానం. చెయ్యి వేసి ఒత్తితే తొమ్మిదీ కలిసి దిగి, కలిసి లేచాయి. విడివిడిగా ఒక్కటీ కదలలేదు. బాబాయి వచ్చి చూసి, ఏమీ అనకుండా ఒకసారి ఒత్తి, ఇంకోసారి ఒత్తి, టీ చెప్పాడు.

దాని మీద గోనెగుడ్డ, గోనెగుడ్డ మీద కొబ్బరిపీచు. బాబాయి ఆటో సీట్లకి రబ్బరు పట్టించిన పీచు పలకలు వాడతాడు. నాకు విడిపీచు కావాలనిపించింది, అంచు దగ్గర కావలసినంత కూరుకోవచ్చని. మా ఆడపడుచుని సోంపేట ఇచ్చాం, ఆవిడ ఒక బస్తా పంపింది. ఉద్దానం పీచు. తిత్లీకి అక్కడ లక్షల కొబ్బరిచెట్లు కూలిపోయాయి. వాళ్ళ తోటలోనూ చాలా పడ్డాయి, మిగిలిన చెట్ల కాయల పీచే ఇది. మావయ్య కుర్చీని నానబెట్టిన వానే వాళ్ళ తోటనీ పడగొట్టింది. పీచు వచ్చింది వచ్చినట్టు కూరకూడదు. చేత్తో విడదీసి, దులిపి, పొట్టంతా రాలగొట్టాలి, లేకపోతే కూర్చున్నప్పుడల్లా గుడ్డలోంచి దుమ్ము జల్లుతుంది. అత్తయ్య, నేను మేడ మీద రెండు మధ్యాహ్నాలు దులిపాం. ముక్కుకి కొంగు కట్టుకుని ఆవిడ నాకంటే వేగంగా చేసింది. పీచు మీద పలచగా దూది, దాని మీద లాంగ్ క్లాత్. ఇదంతా పైకి కనబడదు.

ఇక రంగు. ఇక్కడ తొందరపడ్డాను. పైడితల్లమ్మ సిరిమాను పండక్కి మా ఇంటికి చుట్టాలు వస్తారు. దసరా వెళ్ళిన మంగళవారం సిరిమానోత్సవం, ముందురోజు తొలేళ్ళు. ఆ లోపల కుర్చీ ముందుగదిలో ఉండాలని పట్టుపట్టాను. నెమలిపించం నీలం ఎనామిల్ తెచ్చి, పైపైన గరుకు కాయితం రుద్ది, ఒక చెయ్యి వేసేశాను. ముసురు పట్టిన రోజులు. రెండో రోజుకీ ఆరలేదు. మూడో రోజు చూస్తే కాళ్ళ మీద చేపకళ్ళలాంటి గుంటలు, అక్కడక్కడా రంగు చర్మంలా ముడతపడి ఉంది. వేలు పెడితే పొరలా ఊడొచ్చింది.

ముసురు ఒక్కటే కారణం కాదు. అత్తయ్యని అడిగితే తెలిసింది. పాతపట్నంలో ప్రతి సంక్రాంతికీ, దీపావళికీ కుర్చీ కర్రని కొబ్బరినూనెతో తుడిచేదట, మెరుస్తుందని. నలభై ఏళ్ళ కొబ్బరినూనె ఆ కర్రలో ఉంది. దాని మీద ఏ రంగు నిలుస్తుంది? ఆవిడ ముఖం చిన్నబోయింది. మీ నూనె వల్లే ఈ కర్ర పగలకుండా ఉంది అత్తయ్యా అన్నాను. నిజంగానే ఎక్కడా బీట లేదు.

చుట్టాలొచ్చారు, వెళ్ళారు. కుర్చీ వెనక గదిలోనే ఉంది. ముసురు తగ్గి ఎండ కాసాక మళ్ళీ మొదటి నుంచి. పాత రంగంతా గోకాను. బట్టల సోడా వేణ్ణీళ్ళలో కలిపి, గుడ్డ ముంచి పిండి తుడిచి, వెంటనే మంచినీళ్ళ గుడ్డ, వెంటనే పొడిగుడ్డ. ఆరాక టర్పెంటైనుతో ఇంకోసారి. గుడ్డకి జిడ్డు అంటడం ఆగేదాకా గుడ్డలు మార్చాను. అప్పుడు 80 నంబరు గరుకు కాయితం, తర్వాత 120. మేకుల కన్నాలకి లప్పం పెట్టి, ఆరాక 220తో మెత్తగా రుద్ది, ప్రైమరు ఒక చెయ్యి. ప్రైమరు మీద మళ్ళీ 220. రంగు రెండు చేతులు, పలచగా, మధ్యలో ఒక రోజంతా ఎడం ఇచ్చి. పలచగా అన్నది ముఖ్యం. ఎనామిల్ మందంగా వేస్తే పైన పొర కట్టేసి లోపల పచ్చిగా ఉండిపోతుంది. ఇంకెవరైనా చేస్తుంటే ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి: కర్రని ఇంట్లో దేనితో తుడిచేవారో ముందు పెద్దవాళ్ళని అడగండి.

కుర్చీ చేతులకి మాత్రం రంగు వేయలేదు. నాకు వేయాలనే ఉండేది, ఎడం చెయ్యి మీద గ్లాసు మచ్చలు ఒకదాని మీద ఒకటి గొలుసులా ఉన్నాయి. అత్తయ్య ఆ మచ్చల మీద చెయ్యి వేసి, "ఇది ఉంచీ" అంది. అంతే. ఆ రెండు చేతులకీ అవిసెనూనె రుద్ది వదిలేశాను. నీలం పక్కన ఆ నల్లబడ్డ టేకు ఇప్పుడు చూస్తే ఆవిడ మాటే సరైనది.

గుడ్డ దగ్గరికి వచ్చాం. మొదట్లో నా మనసంతా పొందూరు ఖద్దరు మీదే. మావయ్య పంచెలు ఇప్పటికీ ఇనప్పెట్టెలో ఉన్నాయి. కొండపత్తి దూదిని వాలుగ చేప దవడ పళ్ళతో దువ్వి, చేత్తో వడికి నేసిన గుడ్డ, అంత సన్నం, అంత మెత్తన. అందుకే కుర్చీకి పనికిరాదు. అది ఒంటి మీద గాలి ఆడడానికి పుట్టిన గుడ్డ. మనిషి బరువు మీద పడి, రోజూ రాపిడి పడితే నెలలో మేకుల దగ్గర చిరుగుతుంది. మనసుకి నచ్చింది కదా అని వేసి, అది చిరిగిపోతే చూడలేను. గోరుతో గీసి, వేళ్ళ మధ్య అడ్డంగా లాగి, దీపానికి ఎదురుగా పట్టి, ఆరు షాపులు తిరిగాక మందపాటి నూలు కేస్‌మెంట్ దొరికింది. తెల్లటి నేల మీద ఇటికరంగు చారలు. అడుగున దొరికిన ఆ నీలం చారల ముక్క నా పుస్తకంలో ఉంది కదా, చార వెడల్పు దాని లెక్కకే సరిపోయింది.

తడిపి, ఆరేసి, ఇస్త్రీ చేశాక కోశాను. సీటుకి 36 అంగుళాలు, 35 అంగుళాల ముక్క. చారల గుడ్డతో మొహమాటం ఉండదు, అరంగుళం పక్కకి పోయినా గది గుమ్మం నుంచే కనబడుతుంది. సీటు మధ్య సుద్దగీత, గుడ్డ మధ్యచార, వీపు మధ్యచార, మూడూ ఒకే గీత మీద నిలపాలి. వెనక మధ్యలో ఒక మేకు సగం దిగేలా, ముందు మధ్యలో ఒకటి, అటూ ఇటూ ఒక్కొక్కటి. అక్కడ నుంచి మూలల వైపు జరుగుతూ రావాలి. అన్నీ సగం మేకులే. దూరంగా వెళ్ళి చూసి, సరిగ్గా ఉంటేనే పూర్తిగా దింపాలి. ముందు మూలల దగ్గర గుడ్డ కుచ్చుపడుతుంది. లోపల మిగులు కోసేసి ఒక్క మడత, మడత నోరు పక్కకి తిరగాలి. జాకెట్టు డాట్ తిప్పినట్టే. ఆ మూల చూసి బాబాయి, "మా కుర్రాళ్ళకి నేర్పు" అన్నాడు. మేకుల వరస కనబడకుండా అదే గుడ్డని ఏటవాలుగా కోసి, లోపల తాడు పెట్టి పైపింగు కుట్టి అంటించాను. ఆ ఒక్క రోజు పని నేను మొదట అనుకున్న ఆదివారం పని.

తల ఆనే చోటికి మావయ్య ఉత్తరీయం ఒకటి కోసి, అంచు మడిచి, చేత్తో కుట్టి వేశాను. పొందూరు ఖద్దరు ఆ మేరకు కుర్చీ మీదకి చేరింది. మాసినప్పుడు తీసి ఉతుక్కోవచ్చు.

అడుగు గుడ్డ బిగించే ముందు కుర్చీని తలకిందులు పెట్టి, సుద్ద కాకుండా పెన్సిలు తీసుకున్నాను. చట్రం లోపలి కర్ర మీద రాశాను: పట్టీలు ఎనిమిది, స్ప్రింగులు తొమ్మిది, అందులో కొత్తవి మూడు. పురికొస చీపురుపల్లి గోగు. పీచు సోంపేట. కర్రలో కొబ్బరినూనె ఉంది, రంగు వేసే ముందు సోడాతో కడగండి. మూడో నంబరు కాలు అతుకు కొత్తగా అంటించాం.

అత్తయ్య కళ్ళజోడు తెప్పించుకుని, నేల మీద చతికిలపడి, వంగి మొత్తం చదివింది.

"తారీకు ఎయ్యలేదేటి?" అంది.

వేశాను.